నీటికీ కిరాయి కడుతున్నాం

అందరికీ నమస్కారం.

సాయంత్రం మన విశాఖ బీచ్ రోడ్డు మీద నడిచేవారికి తెలుసు, చీకటి పడేసరికి సముద్రంలో వరుసగా దీపాలు కనిపిస్తాయి. లంగరు వేసి బెర్తు కోసం, అంటే రేవులో సరుకు దించే చోటు కోసం, ఎదురుచూసే ఓడలవి. మా మనవరాలికి అవంటే ముచ్చట. నాకు మాత్రం ఒక్కో దీపం పక్కన ఒక మీటరు తిరుగుతున్నట్టు ఉంటుంది. ముప్పై ఏళ్లు బొగ్గు దిగుమతి లెక్కలు చూసినవాడి సౌందర్య దృష్టి అంతే.

ఉక్కు కర్మాగారం వాడే కోకింగ్ బొగ్గు జోలికి ఈ రోజు పోను. బాయిలర్లలో మండించే బొగ్గు, దాని ఓడ కిరాయి లెక్క గురించే చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు రెండు కొటేషన్లు ఇచ్చారు. ఒకటి ఇండోనేషియాది, ఒకటి దక్షిణాఫ్రికాది. టన్నుకు ఓడ కిరాయి చూసి, తక్కువ ఉన్నదాని కింద గీత గీశాను. మా పెద్దాయన కాగితం తిప్పి ఇచ్చి, "బాబూ, బాయిలరుకు టన్నులు కావాలా, వేడి కావాలా?" అన్నారు.

లెక్క చూడండి. అంకెలు ఉదాహరణకే. ఇండోనేషియాలోని కాలిమంతన్ నుంచి టన్నుకు 10 డాలర్లు, దక్షిణాఫ్రికా రేవు రిచర్డ్స్ బే నుంచి 16 డాలర్లు అనుకుందాం. మొదటి బొగ్గు కిలోకు 4,200 కిలోకేలరీలు, రెండోది 6,000. రెండూ ఒకే గ్రాస్ పద్ధతిలో, అంటే నీటి ఆవిరితో పోయే వేడినీ కలిపి, కొలిచినవే. పది లక్షల కిలోకేలరీలకు కిరాయి పంచితే మొదటిదానికి 2.38 డాలర్లు, రెండోదానికి 2.67. అరవై శాతం తేడా పన్నెండు శాతానికి దిగింది. ఒక కొటేషన్‌లో గ్రాస్, ఇంకొకదానిలో ఆ ఆవిరి వేడిని తీసేసిన నెట్ ఉంటే ఈ పోలికకు అర్థమే లేదు. ఆ పొరపాటు చాలామంది చేస్తారు.

తేడా అంతగా తగ్గడానికి పెద్ద కారణం తేమ. ఆ తక్కువ రకం ఇండోనేషియా బొగ్గులో దాదాపు మూడో వంతు నీరే ఉంటుంది. 55,000 టన్నుల ఓడలో 35 శాతం తేమ ఉంటే, 19,250 టన్నుల నీటిని సముద్రం దాటించి తెచ్చుకున్నాం. పాలవాడు ఒక గ్లాసు నీళ్లు కలిపితే వీధంతా వినబడేలా గొడవ చేస్తాం! ఇక్కడ మాత్రం కిరాయి కట్టి, సంతకం పెట్టి, రసీదు తీసుకుంటాం.

అలాగని దక్షిణాఫ్రికాయే మేలని తీర్పు చెప్పడం లేదు. అక్కడి నుంచి ఓడకు రెండు వారాల పైనే పడుతుంది. అన్నాళ్లూ మన డబ్బుకు వడ్డీ నడుస్తుంది. పైగా రిచర్డ్స్ బే రేవులో కేప్‌సైజ్ అనే చాలా పెద్ద రకం ఓడలు నింపితే టన్నుకు కిరాయి తగ్గుతుంది గానీ, అంత లోతుకు మునిగే ఓడ మన ఇన్నర్ హార్బర్‌లోకి రాలేదు. అవుటర్ హార్బర్‌కో, పక్కనున్న గంగవరం రేవుకో పోవాలి. అక్కడ బెర్తు దొరకకపోతే ఆదా అంతా లంగరు దగ్గరే కరిగిపోతుంది.

ఇందాకటి దీపాల మీటరు ఇదే. డెమరేజ్, అంటే ఒప్పుకున్న గడువు దాటి ఓడను ఆపినందుకు కట్టే సొమ్ము, రోజుకు 15,000 డాలర్లనుకోండి. నాలుగు రోజులు ఆగితే 60,000. అదే 55,000 టన్నుల మీద పంచితే టన్నుకు డాలరు పైన పడింది. కాలిమంతన్‌లో ఇంకో చిక్కు: చాలావరకు బొగ్గు నదుల మీద బార్జీల్లో వచ్చి, సముద్రంలోనే ఓడలోకి ఎక్కుతుంది. వాన పడితే పని ఆగుతుంది. ఆ ఆగిన గంటలు ఎవరి ఖాతాలో పడతాయో ఒప్పందంలో ఒక్క వాక్యం చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని తాకినప్పుడు అలాంటి వాక్యాలను భూతద్దం పెట్టి చదివినవారిలో నేనూ ఒకణ్ణి.

ఇక కొటేషన్లలో కనిపించే ఎఫ్‌ఓబీ, సీఎఫ్‌ఆర్ అనే రెండు రకాల ధరల గురించి ఒక్క ముక్క. మొదటిదానిలో ఓడ మనం మాట్లాడుకోవాలి, రెండోదానిలో అమ్మేవాడే కిరాయి ధరలో కలిపేస్తాడు. కలిపిన ధరను విడదీయకుండా పోల్చకండి.

ఇప్పుడు మీ ముందున్న కాగితాలు తిప్పండి. రెండు కొటేషన్లున్నాయి. రెండోదానిలో తేమ శాతం గడి కావాలనే ఖాళీగా వదిలాను.