పొద్దు గుంకకముందే కూలి

శ్రోతలందరికీ నమస్కారం. పరిశుద్ధత అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి తెల్లచీర, తెల్లచొక్కా, సినిమాకి వెళ్లకపోవడం. నేనూ అలాగే పెరిగాను. తప్పని అనను గానీ, బైబిల్లో లేవీయకాండం 19వ అధ్యాయం తీసి చూడండి. నేను పరిశుద్ధుణ్ణి, మీరూ పరిశుద్ధులుగా ఉండండి అని దేవుడు మొదలుపెట్టి, ఆ తర్వాత దేని గురించి చెబుతాడో తెలుసా? చేను కోసేటప్పుడు అంచులు పేదలకు వదలమంటాడు, తూకంరాళ్లలో మోసం వద్దంటాడు, కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకు అంటాడు. చేను, తూకం, కూలి!

ఈ కూలి దగ్గరే నేను దొరికిపోయాను. మాది లాసన్స్‌బే కాలనీ. సముద్రపు గాలికి కిటికీ గ్రిల్స్ తుప్పు పట్టడం మన విశాఖలో మామూలే కదా. కంచరపాలెం నుంచి ఒక పెద్దాయన వచ్చి, రోజంతా ఎమరీ పేపర్‌తో తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ పూశాడు. నేను లోపల కూర్చుని ఏం చేస్తున్నాను? ఈ ప్రసంగమే రాస్తున్నాను. సాయంత్రం ఆయన థిన్నర్‌తో చేతులు తుడుచుకుని గుమ్మంలో నిలబడితే, రాసే టెన్షన్‌లో తలెత్తకుండానే ‘చిల్లర లేదు, రేపు రండి’ అనేశాను. ‘సరే బాబూ’ అని వెళ్లిపోయాడు. డబ్బు బీరువాలోనే ఉంది. లేవడానికి బద్ధకం, అంతే.

విశ్వసించినవాణ్ణి దేవుడు నీతిమంతుడిగా ఎంచడం ఒకటి, వాడు పరిశుద్ధాత్మ చేతిలో రోజురోజుకీ మారుతూ రావడం ఇంకొకటి. ఈ రెండిటికీ ఉన్న సంబంధం మీద సంఘాల మధ్య వాదాలు బోలెడు, ఇవాళ వదిలేద్దాం. అపొస్తలుడైన పౌలు అంతటివాడే జైల్లోంచి ఫిలిప్పీ ఊరి సంఘానికి రాస్తూ, నేనింకా అందుకోలేదు, పరుగెడుతూనే ఉన్నాను అన్నాడు. నాలాంటి బద్ధకస్తుడికి ఆ మాట పెద్ద ధైర్యం.

అందుకే ఈ వారం ఒక్కటే చూద్దాం. పనమ్మాయికో, ఇస్త్రీ అతనికో బాకీ ఉన్నామా? ద్వితీయోపదేశకాండం 24 ఇంకా గట్టిగా చెబుతుంది, పొద్దు గుంకకముందే ఇచ్చేయమని. సాయంత్రం ప్రార్థనకు కూర్చోకముందే ఇచ్చేయండి, ఫోన్‌లో పంపినా సరే.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన వచ్చాడు. కూలి చేతిలో పెట్టి, నిన్న తప్పు చేశానన్నాను. ఆయన లెక్కపెట్టుకుని, ‘రానూపోనూ బస్సు టికెట్టు కూడా ఇప్పించండి బాబూ’ అన్నాడు. అదెందుకు అనబోయాను, నిజం, నోటిదాకా వచ్చింది. బల్ల మీద ఈ కాగితాలు కనబడ్డాయి. లేచి బీరువా తీశాను.