తాగి నరికినవాడికి శిక్ష సరే, తెగిన చేతి సంగతేమిటి?

(కావలిలో పొదుపు సంఘాల మహిళల చట్ట అవగాహన సమావేశంలో ఒక న్యాయవాది ప్రసంగం)

అమ్మలకు, అక్కలకు, వెనక నిలబడిన తమ్ముళ్లకు నమస్కారం.

లాయరును పిలిస్తే మామూలుగా ఆస్తి వాటా గురించో, మనోవర్తి గురించో అడుగుతారు. ఈసారి మీరు అడిగింది వేరు. "తాగి కత్తితో నరికినవాడు ఆరు నెలల్లో ఊళ్లోకి వచ్చి తిరుగుతున్నాడు, ఇదేం శిక్ష?" అన్నారు. దీనికి నా దగ్గర జవాబు ఉంది. అందులో నా తప్పు కూడా ఉంది. అక్కడే మొదలుపెడతాను.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ముద్దాయి తరఫున ఒక కేసు చేశాను. రొయ్యల గుంటల మీద కాపలా ఉండే ఇద్దరు రాత్రి కలిసి తాగారు. మోటారు వేసే వంతు ఎవరిదని మాటామాటా పెరిగింది. ఒకడు మచ్చుకత్తి తీసుకుని రెండోవాడి కుడి మణికట్టు మీద వేశాడు. ఎముక విరగలేదు కానీ నరాలు తెగాయి. డాక్టరు ఇచ్చే గాయాల కాగితం, ఊండ్ సర్టిఫికెట్ మీద 'సింపుల్' అని, అంటే మామూలు గాయమని పడింది. దాంతో పోలీసులు అప్పటి శిక్షల చట్టం ఐపీసీలో మామూలు గాయానికి ఉన్న 324 కింద చార్జిషీటు వేశారు. నేరం రుజువైంది. శిక్ష గురించి చెప్పుకునేది ఏమైనా ఉందా అని మెజిస్ట్రేటు గారు అడిగారు. నేను లేచి, "మత్తులో చేశాడు సార్, ఒళ్లు తెలియలేదు. ముసలి తల్లి ఉంది, చిన్నపిల్లలు ఉన్నారు" అన్నాను. ఆరు నెలలు, కొంత జరిమానా. ఆ జరిమానా కూడా ప్రభుత్వానికే పోయింది.

బయటికొస్తే వరండాలో దెబ్బ తిన్న మనిషి భార్య నిలబడి ఉంది. "సార్, ఆయన తల్లి గురించి చెప్పారు. మా ఇంటాయన చేతి గురించి లోపల ఎవరన్నా చెప్పారా?" అంది. ఎవరూ చెప్పలేదు. ఆ చేత్తో ఆయన మళ్లీ మేత బస్తా ఎత్తలేదు. ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈరోజు మీ ముందుకు వచ్చింది అందుకే.

ముందు తాగుడు సంగతి. ఎవరైనా మోసం చేసో బలవంతంగానో తాగిస్తే, ఏం చేస్తున్నాడో తెలియని స్థితిలో నేరం చేస్తే, చట్టం క్షమిస్తుంది. అది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 23వ సెక్షన్. తన డబ్బుతో తాను తాగినవాడికి ఆ రక్షణ లేదు. మెలకువగా ఉన్న మనిషికి ఎంత తెలుసో అతనికీ అంత తెలిసినట్టే లెక్క. అది 24. పాత ఐపీసీలో ఇవే 85, 86. 1956లో సుప్రీంకోర్టు బాస్‌దేవ్ కేసులో ఈ సంగతి తేల్చింది. పెళ్లి భోజనాల దగ్గర సైన్యంలో రిటైరైన ఒక జమాదారు తాగి ఉన్నాడు. తాను కూర్చోవడానికి కాస్త పక్కకు జరగమంటే జరగలేదని పదిహేను, పదహారేళ్ల పిల్లవాణ్ణి కాల్చి చంపాడు. తాగి ఉన్నాడు నిజమే, కానీ నడవగలిగాడు, మాట్లాడగలిగాడు, కాల్చాక పారిపోబోయాడు. కాబట్టి అది హత్యే అంది కోర్టు.

అంటే నేరం నుంచి మత్తు తప్పించదు. అది దొడ్డిదారిన శిక్ష దగ్గర దూరుతుంది, నేను దూర్చినట్టు. శిక్ష వేసేటప్పుడు తాగుడును ఎలా చూడాలో చెప్పే మార్గదర్శకాలు మన దేశంలో చట్టంగా లేవు. అలాంటివి కావాలని 2003లోనే క్రిమినల్ న్యాయ సంస్కరణల మీద వేసిన మలిమత్ కమిటీ చెప్పింది. ఇంగ్లండులో ఉన్నాయి. అక్కడ తాగి నేరం చేయడం శిక్షను పెంచే కారణం. మన దగ్గర ఒక కోర్టులో అది జాలి కారణం, ఇంకో కోర్టులో కాదు. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: తాగుడుకు డిస్కౌంటు ఉండకూడదు. "తాగి ఉన్నాడు, పోనీలే" అన్న మాట మనకు పాతదే. ఆ మాట వినబోమనే కదా 1992లో ఈ జిల్లాలోనే, దూబగుంటలో, వర్ధినేని రోశమ్మతో పాటు మీ అమ్మలు సారా అంగడి మూయించారు! 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగిపోయింది.

అయితే జైలు ఏళ్లు పెరిగితే చాలని నేను అనను. ఇరవై ఒకటి నిండని కుర్రాడు చిన్న గాయం చేస్తే, 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద జైలుకు పంపకుండా దిద్దడమే మంచిది. ఆ చట్టంలోనూ పరిహారం ఇప్పించే సెక్షన్ ఉంది. దాన్ని ఎవరూ అడగరు.

ఇప్పుడు అసలు సంగతి, జాగ్రత్తగా వినండి. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు న్యాయ సంహితలోని కొత్త సెక్షన్లు. కత్తి లాంటి ఆయుధంతో మామూలు గాయం చేస్తే 118(1): మూడేళ్ల వరకు జైలు, లేదా 20,000 వరకు జరిమానా, లేదా రెండూ. తీవ్ర గాయం అయితే 118(2): ఏడాదికి తగ్గకూడదు, యావజ్జీవం దాకా పోవచ్చు. ఈ రెండింటి మధ్య అంత దూరం ఉంది. ఆ దూరాన్ని చాలాసార్లు సర్టిఫికెట్ మీద ఒక్క మాటే నిర్ణయిస్తుంది. తీవ్ర గాయం అంటే ఎముక విరగడమే అనుకుంటారు. కాదు. చెయ్యి గానీ కీలు గానీ శాశ్వతంగా పనికిరాకుండా పోయినా తీవ్ర గాయమే. పదిహేను రోజులు విపరీతమైన నొప్పి ఉన్నా, రోజూ చేసుకునే పని చేయలేకపోయినా అంతే. పాత చట్టంలో ఇది ఇరవై రోజులు. కూలికి పోయేవాడు పదిహేను రోజులు మంచంలో ఉంటే ఆ కాగితాలన్నీ దాచండి. అడ్మిషన్ షీటు, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే, మందుల బిల్లులు. చెయ్యి పనిచేయడం లేదని తర్వాత తెలిస్తే మళ్లీ డాక్టరుకు చూపించి, ఆ రిపోర్టు దర్యాప్తు చేసే ఎస్సైకి రాతపూర్వకంగా ఇవ్వండి. నా కేసులో ఆ ఇంటివాళ్లకు ఈ మాట చెప్పే మనిషే లేడు.

తీర్పు రోజు కోర్టుకు రండి. జరిమానా సొమ్ము బాధితుడికి ఇప్పించే అధికారం, విడిగా పరిహారం ఇప్పించే అధికారం జడ్జిగారికి ఉంది. అది కేసులు నడిపే పాత చట్టం సీఆర్‌పీసీలో 357, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 395. ప్రతి కేసులోనూ పరిహారం గురించి కోర్టు ఆలోచించి తీరాలని 2013లో అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పరిహారం చాలకపోతే మీరే అప్పీలు వేయొచ్చు. జైలు శిక్ష తక్కువైందని మాత్రం బాధితులు అప్పీలు వేయలేరు, అది ప్రభుత్వం చేయాలి. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది, కానీ చట్టం అలా ఉంది. అందుకే చెప్పాల్సింది తీర్పుకు ముందే ప్రభుత్వ లాయరు, అంటే పీపీ గారి ద్వారా చెప్పాలి. ఎన్ని రోజుల కూలి పోయింది, ఆస్పత్రికి ఎంత అయింది, ఇంట్లో తినేవాళ్లు ఎందరు. ఒక్క పేజీ చాలు. ముద్దాయి దగ్గర డబ్బు లేకపోతే నెల్లూరు కోర్టు ఆవరణలో ఉన్న జిల్లా న్యాయసేవాధికార సంస్థకు బీఎన్ఎస్ఎస్ 396 కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆడవాళ్లకైతే ఆదాయంతో పనిలేకుండా అక్కడ లాయరును ఉచితంగా ఇస్తారు.

ఆ ఒక్క పేజీ రాయడం రాకపోతే శనివారం పొద్దున నా ఆఫీసుకు రండి. బిల్లులు, సర్టిఫికెట్ జిరాక్సు తెచ్చుకోండి. డబ్బులు తేవద్దు.