కాదనడంలోనూ తేడాలున్నాయి

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లీషు విశేషణానికి వ్యతిరేకపదం చెప్పమంటే బడికి వెళ్లే పిల్లలు తడుముకోకుండా చెబుతారు. హ్యాపీకి అన్‌హ్యాపీ, లీగల్‌కు ఇల్లీగల్, హానెస్ట్‌కు డిస్‌హానెస్ట్ అంటూ ఒక్కో మాటకు ఒక్కో వ్యతిరేకపదం చొప్పున మనమంతా వల్లెవేసినవాళ్లమే. ఆ పట్టిక పరీక్ష గట్టెక్కడానికి సరిపోతుంది కానీ, భాషను సరిగా వాడడానికి చాలదు. ఇంగ్లీషులో చాలా విశేషణాలకు రెండేసి, మూడేసి వ్యతిరేకరూపాలున్నాయి. పైకి ఒకేలా కనిపించినా, వాటిలో ఒకటి ఫలానాది లేదని మాత్రమే చెబుతుంది, మరొకటి తప్పుపడుతుంది. లేదనడానికీ తప్పుపట్టడానికీ మధ్య ఉన్న ఆ తేడా గురించే ఈనాటి నా ప్రసంగం.

ముందుగా ఈ ఉపసర్గల, అంటే మాటకు ముందు చేరి దాని అర్థాన్ని మార్చే ముక్కల, పుట్టుక గురించి కొంచెం చెప్పుకోవాలి. 'అన్' ఇంగ్లీషుకు సొంతం. ప్రాచీన ఇంగ్లీషు కాలం నుంచీ ఆ భాషలో ఉంది. 'ఇన్', 'డిస్', 'నాన్' లాటిన్‌కు చెందినవి, ఎక్కువగా ఫ్రెంచి మీదుగా వచ్చి చేరాయి. పక్కనున్న హల్లును బట్టి 'ఇన్' రూపం మార్చుకుంటుంది కాబట్టే ఇల్లీగల్, ఇమ్మోరల్, ఇర్రెగ్యులర్ అంటున్నాం. ఎమోరల్, ఎటిపికల్ వంటి మాటల మొదట వినిపించేది గ్రీకు నుంచి వచ్చిన అకారం. ఇంగ్లీషు 'అన్', లాటిన్ 'ఇన్', గ్రీకు 'అ', మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'అ', ఈ నాలుగూ ఒకే ప్రాచీన మూలానికి చెందినవని భాషాశాస్త్రం చెబుతోంది. సంస్కృతంలో అచ్చు ముందు ఆ అకారం 'అన్' అవుతుంది. అనాది, అనర్హుడు అన్న మాటలు అలా ఏర్పడ్డవే. గ్రీకులోనూ ఇదే పద్ధతి. అనార్కీ అన్న మాటలోని నకారం అలా వచ్చిందే.

'డిస్' తీరు వేరు. లాటిన్‌లో దానికి విడదీయడం, తొలగించడం అన్న అర్థాలున్నాయి. ఊరి చివర కొత్తగా కట్టిన ఇంటికి ఇంకా కరెంటు లైను వేయలేదనుకుందాం. ఆ ఇల్లు అన్‌కనెక్టెడ్. బిల్లు కట్టలేదని లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర సర్వీసు వైరు తీసేసిన ఇల్లు డిస్‌కనెక్టెడ్. రాత్రయితే రెండిళ్లలోనూ చీకటే, కానీ ఒక ఇంటికి రావలసింది ఇంకా రాలేదు, రెండో ఇంటికి ఉన్నది పోయింది. 'డిస్'తో మొదలయ్యే మాట ఎదురైనప్పుడు, ఇక్కడ ఉన్నదేదైనా పోయిందా అని ప్రశ్నించుకుంటే, అన్నిచోట్లా కాకపోయినా చాలాచోట్ల అర్థం తేటపడుతుంది.

మన రాజ్యాంగం ఈ తేడాను ఎంత శ్రద్ధగా పాటించిందో చూడండి. పార్లమెంటు సభ్యత్వానికి కావలసిన అర్హతలను 84వ అధికరణం చెబితే, అనర్హతలను 102వ అధికరణం విడిగా చెబుతుంది. రాష్ట్రాల చట్టసభలకు సంబంధించి ఇదే విభజన 173, 191 అధికరణాల్లో కనిపిస్తుంది. లోక్‌సభకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలి. 24 ఏళ్ల యువతికి ఆ అర్హత ఇంకా రాలేదు, అంతే. ఆమె మీద ఏ మచ్చా లేదు, పుట్టినరోజు గడిస్తే ఆ అడ్డు దానంతటదే తొలగిపోతుంది. అదే ఒక నేరం రుజువై, రెండేళ్లు లేదా అంతకు మించిన జైలుశిక్ష పడిన వ్యక్తి 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ కింద అనర్హుడవుతాడు, విడుదలైన తరువాత మరో ఆరేళ్ల దాకా ఆ అనర్హత కొనసాగుతుంది. మొదటి వ్యక్తి నాట్ క్వాలిఫైడ్, రెండో వ్యక్తి డిస్‌క్వాలిఫైడ్. తెలుగులో ఇద్దరినీ అనర్హులనే ఒక్క మాటతో చుట్టేస్తుంటాం. వయసు చాలని అభ్యర్థి గురించి రాసేటప్పుడు 'అర్హత లేదు' అని విడదీసి రాస్తే ఎంతో న్యాయంగా ఉంటుందని నా అభిప్రాయం.

ఇక అన్‌క్వాలిఫైడ్ అన్న మాటకు రెండు ముఖాలున్నాయి. వైద్యవిద్య చదవకుండా సూదిమందు వేసే మనిషిని అన్‌క్వాలిఫైడ్ అంటే అది కచ్చితంగా తప్పుపట్టడమే. కానీ ఒక కంపెనీ లెక్కలు తనిఖీ చేసిన ఆడిటర్ తన నివేదికలో అన్‌క్వాలిఫైడ్ ఒపీనియన్ ఇచ్చాడంటే వాటాదారులు సంతోషించాలి. క్వాలిఫై అన్న క్రియకు షరతు పెట్టడం, మినహాయింపు చెప్పడం అనే అర్థం కూడా ఉంది. ఏ అభ్యంతరమూ లేకుండా, లెక్కలు సక్రమంగా ఉన్నాయని ఆడిటర్ చెప్పాడని అక్కడ దాని అర్థం.

నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకునే జంట అన్‌ఇంటరెస్టెడ్, డిస్‌ఇంటరెస్టెడ్. ఇంటరెస్ట్ అంటే ఆసక్తి అని మనకు తెలుసు. దానికి స్వప్రయోజనం అన్న అర్థం కూడా ఉంది. ఆసక్తి లేనివాడు అన్‌ఇంటరెస్టెడ్. స్వప్రయోజనాన్ని పక్కన పెట్టినవాడు డిస్‌ఇంటరెస్టెడ్. మన న్యాయస్థానాల భాషలో ఇంటరెస్టెడ్ విట్‌నెస్ అంటే కేసు ఫలితంలో తనకు లాభమో పగో ఉన్న సాక్షి. అవేవీ లేని సాక్షి డిస్‌ఇంటరెస్టెడ్. న్యాయమూర్తి డిస్‌ఇంటరెస్టెడ్‌గా ఉండాలని అందరం కోరుకుంటాం. ఆయనే అన్‌ఇంటరెస్టెడ్‌గా ఉంటే, వాదనలు సాగుతున్నంతసేపూ కిటికీలోంచి బయటికి చూస్తుంటే, కక్షిదారు గతి ఏమిటి? 17వ శతాబ్దపు ఇంగ్లీషులో ఈ రెండు మాటలకూ దాదాపు తారుమారు అర్థాలుండేవి, తరువాతి కాలంలో ఇప్పటి విభజన కుదురుకుంది. నేటికీ ఇంగ్లీషు మాతృభాషగా గలవారిలో ఎందరో ఆసక్తి లేదనడానికి డిస్‌ఇంటరెస్టెడ్ వాడుతున్నారు, నిఘంటువులు ఆ వాడుకను నమోదు చేస్తున్నాయి కూడా. అయినా ఈ తేడాను నిలబెట్టుకోవాలనే అంటాను. నిష్పాక్షికతకు ఉన్న ఒక మంచి మాటను ఉదాసీనతకు అప్పగించడం నాకు ఇష్టం లేదు.

'నాన్' సంగతికి వస్తే, తెలుగువాళ్లకు అది రోజూ నోట్లో నానే ఉపసర్గ. ఇతర ప్రాంతాల వారికి ఎన్జీవో అంటే స్వచ్ఛంద సంస్థ. మన రెండు రాష్ట్రాల్లోని ఉద్యోగులకు మాత్రం నాన్ గెజిటెడ్ ఆఫీసరే ముందు గుర్తొస్తారు. కాలేజీ సీట్ల దగ్గర లోకల్, నాన్‌లోకల్ అన్న చర్చ ఎంత పాతదో చెప్పనక్కరలేదు. 'నాన్' ఒక వర్గీకరణ చేసి ఊరుకుంటుంది, నింద మోపదు. నాన్ గెజిటెడ్ ఉద్యోగి ఏ విధంగానూ తక్కువ మనిషి కాడు. నాన్ బెయిలబుల్ అన్న మాటను కూడా ఇలాగే అర్థం చేసుకోవాలి. బెయిలు ఎప్పటికీ రాదని దాని అర్థం కాదు. బెయిలు నిందితుడి హక్కు కాదని, ఇవ్వడం మానడం కోర్టు విచక్షణ మీద ఆధారపడుతుందని అర్థం.

అదే చోట 'అన్' పెడితే ధోరణి మారిపోతుంది. పగలంతా బ్యాంకులో పనిచేసి, సాయంత్రం నాటక సమాజం రిహార్సలుకు వచ్చే ఔత్సాహిక నటుడు నాన్ ప్రొఫెషనల్. అందులో లోపం లేదు, కొంత గౌరవం కూడా ఉంది. తన వంతు మాటలు నేర్చుకోకుండా ఆలస్యంగా వచ్చే నటుడు ఎంత పారితోషికం తీసుకున్నా అన్‌ప్రొఫెషనలే. ఇదే తేడా అమెరికాలో మనుషుల బతుకుల మీదికి వచ్చింది. నాన్ అమెరికన్ అంటే మనలాంటి పరదేశి. అన్‌అమెరికన్ అంటే దేశస్వభావానికి విరుద్ధంగా నడుచుకున్నవాడన్న ఆరోపణ. 1938లో అక్కడి ప్రతినిధుల సభ ఆ మాటను పేరులోనే పెట్టుకుని ఒక విచారణ సంఘాన్ని ఏర్పాటు చేసింది. సొంత పౌరులనే, వారిలో ఎందరో రచయితలనూ సినిమా కళాకారులనూ, ఆ సంఘం ముందు నిలబెట్టి ప్రశ్నించారు. ఎందరికో పని దొరకకుండా పోయింది. 1969లో పేరు మార్చుకున్న ఆ సంఘం 1975లో రద్దయింది.

ఎమోరల్, ఇమ్మోరల్ కూడా ఇలాంటివే. తుపాను ఎమోరల్, దానికి నీతితో సంబంధం లేదు. తుపాను బాధితుల బియ్యం దారి మళ్లించినవాడు ఇమ్మోరల్.

హైవే మీద పెట్రోలు ట్యాంకరు వెనుక పెద్ద అక్షరాలతో హైలీ ఇన్‌ఫ్లేమబుల్ అని రాసి ఉండడం మీరు చూసే ఉంటారు. ఇక్కడి 'ఇన్' లేదనే అర్థమిచ్చేది కానే కాదు. రగిలించడం అనే అర్థమున్న లాటిన్ క్రియలోంచి వచ్చినది. ఇన్‌ఫ్లేమబుల్ అన్నా ఫ్లేమబుల్ అన్నా తేలికగా అంటుకునేదనే అర్థం, అంటుకోనిది నాన్ ఫ్లేమబుల్. ఎవరైనా మండదని పొరబడితే ప్రాణాల మీదికి వస్తుందన్న భయంతో 1920ల నుంచే అమెరికాలో అగ్నిప్రమాద నివారణ సంస్థలు ఫ్లేమబుల్ అనే రాయమని కోరుతూ వచ్చాయి. మన దేశంలో మాత్రం 1952 నాటి చట్టం పేరులోనే ఇన్‌ఫ్లేమబుల్ ఉంది. దాన్ని కాదనే మాటగా మన పిల్లలు పొరబడకుండా పాఠం చెప్పడం అత్యవసరం.

అన్‌ఆర్గనైజ్డ్, డిస్‌ఆర్గనైజ్డ్ అన్న జంటలో పొరపాటు జరిగితే పనిచేసుకునే మనుషుల గౌరవానికి దెబ్బ తగులుతుంది. 2008లో అన్‌ఆర్గనైజ్డ్ కార్మికుల సామాజిక భద్రత కోసం పార్లమెంటు చట్టం చేసింది. అసంఘటిత రంగం అని మనం తెలుగులో అంటున్నాం. నిజామాబాద్ వైపు ఇంటి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే మహిళ ఆ రంగానికి చెందినదే. తునికాకును నానబెట్టి, ఒకే కొలతకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, కొన మడిచి, దారంతో కట్టే ఆ చేతుల్లో ఎంత క్రమం ఉంటుందో చూసినవారికి తెలుసు. ఆమెను డిస్‌ఆర్గనైజ్డ్ అంటే చిందరవందర మనిషి అని నిందించినట్లవుతుంది. ఇంగ్లీషు నివేదికల్లో ఎవరైనా ఈ పొరపాటు చేస్తే వెంటనే దిద్దాలి.

ఇల్లిటరేట్, అన్‌ఎడ్యుకేటెడ్, ఇగ్నరెంట్ అన్న మూడు మాటల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మన జనాభా లెక్కల ప్రకారం ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవను, రాయను వచ్చినవారు లిటరేట్, రానివారు ఇల్లిటరేట్. అందుకు బడికి వెళ్లి ఉండాలన్న నియమం లేదు. కాబట్టి బడి ముఖం చూడకపోయినా రాత్రిబడిలో అక్షరాలు నేర్చి దినపత్రిక చదివే ముసలమ్మ లిటరేటే, బడిచదువు లెక్కన మాత్రం అన్‌ఎడ్యుకేటెడ్. ఇగ్నరెంట్ అన్నది వేరే సంగతి. అది తెలివిడి లేదనడం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం సాగుతున్నప్పుడు, దూబగుంట మహిళలు అక్షరాలు దిద్దుకుంటూనే ఊళ్లో సారా దుకాణాన్ని ఎదిరించారు. పలకాబలపం పట్టేనాటికి వారిలో ఎందరో ఇల్లిటరేట్, అది నిజం. ఇగ్నరెంట్ మాత్రం కారు. కూలి డబ్బులు ఎటు పోతున్నాయో, సంసారాలు ఎందుకు కూలుతున్నాయో వారికి పాఠం అవసరం లేకుండానే తెలుసు. వారి ఊరి నుంచి జిల్లా అంతటికీ, రాష్ట్రమంతటికీ పాకిన పోరాటం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా అమ్మకాన్ని ప్రభుత్వం నిషేధించింది.