పది తోడేలు తోళ్ళు తెచ్చాను, అయితే ఏటి?

నమస్తే అందరికీ. ఒడిశాలోని మా బరంపురం నుంచి మళ్ళీ వచ్చీసాను. ముందే చెప్పీస్తున్నా, ఈరోజు నేను మధ్యలో వదిలేసిన ఒక గేమ్ గురించి మాట్లాడతాను గానీ దాని పేరు చెప్పను. చెబితే కింద కామెంట్లలో కొట్టుకుంటారు, ఇలాంటి గేములు ఎందుకు బోరు కొడతాయన్న అసలు సంగతి పక్కకి పోతుంది. పెద్ద ఓపెన్ వరల్డ్ ఆర్‌పీజీ, అంటే ఒక పాత్ర వేషం కట్టి పెద్ద లోకంలో ఎటంటే అటు తిరుగుతూ ఆడే గేమ్. గ్రాఫిక్స్‌కి వంక పెట్టలేం. 41 గంటలు ఆడాను. ఎక్కడ ఆపానో చెప్తా వినండి.

రాత్రి 11 దాటింది. గేమ్‌లో ఒక ఊరాయన 10 తోడేలు తోళ్ళు తెమ్మన్నాడు. 7 దొరికాయి. ఆ అడవిలో తోడేళ్ళు అయిపోయాయి. మళ్ళీ పుట్టాలంటే సత్రంలో పడుకుని లేవాలి. పడుకున్నాను, లేచాను, ఎనిమిదోది దొరికింది. మళ్ళీ పడుకున్నాను. మంచినీళ్ళకి లేచిన మా అమ్మ వెనకాలొచ్చి నిల్చుంది. "ఏటి చేస్తున్నావురా ఇంత రాత్రి?" అంది. తోళ్ళు ఏరుతున్నానమ్మా అన్నాను. "సందు చివర పాల పేకెట్టు తెమ్మంటే కాళ్ళు నొప్పులన్నావు. ఎవడికో తోళ్ళు తేడానికి మాత్రం ఓపికుందేం?" అనేసి వెళ్ళిపోయింది. ఏం చెప్తాం?

సరే, పదీ పట్టుకెళ్ళి ఇచ్చాను. "నీ మేలు ఈ జన్మలో మర్చిపోను" అన్నాడు. గుమ్మం దాటి మళ్ళీ లోపలికెళ్ళి పలకరిస్తే, "ఎవరు బాబూ నువ్వు, కొత్తగా కనిపిస్తున్నావ్" అన్నాడు. అక్కడ ఆపీసాను.

ఆర్‌పీజీ ఎందుకు బోరు కొడుతుందంటే అందరూ గ్రైండింగ్ అంటారు. చేసిందే చేస్తూ లెవెల్ పెంచుకోవడం. నాకు మాత్రం నేరం దాని మీద పెట్టబుద్ధి కాదు. పట్టు మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి నేను. నేతపనిలో ఉన్నంత గ్రైండింగ్ ఏ గేమ్‌లో ఉంది? కానీ సాయంత్రానికి చీర ఎంత పెరిగిందో కంటికి కనిపిస్తుంది. నా తోళ్ళు ఎక్కడికి పోయాయో మరి నాకే తెలీదు.

బయటూరు వాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి బుడి ఠాకురాణి జాతర జరుగుతుంది. అమ్మవారు పుట్టింటికి వస్తుందన్నమాట. ఆ పుట్టిల్లు మన నేతవాళ్ళ పెద్ద, దేశీబెహరా గారిది. వారాల తరబడి ఊరంతా వేషాలే, మొక్కుకున్నవాళ్ళు కడతారు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పులి వేషం కట్టించారు. ఆ పసుపు రంగు ఆరాక చర్మం బిగుసుకుపోయి ఒకటే దురద. గోక్కుంటే చారలు చెదిరిపోతాయని మా నాన్నమ్మ నా రెండు చేతులూ పట్టుకు కూర్చుంది. అప్పుడు ఏడుపొచ్చింది. కానీ వీధిలోకి దిగేసరికి, రోజూ మా క్రికెట్ బంతి లాక్కుని దాచీసే పిన్నిగారు నన్ను చూసి రెండడుగులు వెనక్కేసి దణ్ణం పెట్టింది. నాకు! రంగు నా ఒంటి మీదుంది గానీ నన్ను పులిని చేసింది ఆవిడే.

బోరు కొట్టే ఆర్‌పీజీలు వేషం ఇస్తాయి, వీధిని మర్చిపోతాయి.

ఉదాహరణకి 2014లో వచ్చిన డ్రాగన్ ఏజ్ ఇన్‌క్విజిషన్. ఆకాశం చీలిపోయి రాక్షసులు దిగుతుంటారు. ఆ చీలికలు మూసే శక్తి లోకం మొత్తమ్మీద నీ అరచేతిలోనే ఉంది. దైవాంశ అని జనం గుసగుసలాడుకుంటుంటారు. అలాంటివాడు హింటర్‌లాండ్స్ అనే ప్రాంతానికి వెళ్ళి ఏం చేస్తాడు? 10 పొట్టేళ్ళ మాంసం ముక్కలు పోగేస్తాడు. కాందిశీకుల ఆకలి కోసమే, పుణ్యమే, కాదన్ను. కానీ అంతటివాడు వచ్చి వేట మాంసం మోస్తుంటే ఒక్కడైనా "అయ్యో, మీరెందుకండీ" అనాలి కదా!

2006 నాటి ఆబ్లివియన్‌ది ఇంకో రకం రోగం. నీ లెవెల్‌తో పాటు శత్రువుల లెవెల్ కూడా పెరుగుతుంది. చివరికి దారిదోపిడీ దొంగ ఒంటి నిండా ఖరీదైన గాజు కవచం వేసుకొచ్చి, 100 బంగారు కాసులిస్తావా చస్తావా అంటాడు. ఒరే బాబూ, ఆ కవచం అమ్ముకుంటే నీకీ వృత్తే అక్కర్లేదు కదరా! నవ్వొస్తుంది గానీ, నువ్వు బలవంతుడివి అయ్యావన్న సంగతి ఆ లోకానికి తెలియనే తెలియదు.

స్కైరిమ్, 2011. నాకిష్టమైన గేమే, తిట్టాలంటే మనసు రాదు. నాలుగు మంత్రాలు వచ్చినా చాలు, వింటర్‌హోల్డ్ మంత్ర విద్యాలయానికి అధిపతివి అయిపోవచ్చు. అయ్యాక? పెద్దగా ఏమీ మారదు. కాపలావాళ్ళు కొన్ని కొత్త మాటలంటారు, అది ఒప్పుకోవాలి. కానీ మోకాలికి బాణం తగిలి సాహసాలు మానేశానన్న వాళ్ళ పాత కథ మాత్రం తప్పదు.

ఇప్పుడు విచర్ 3 సంగతి. 2015. ఇందులో విసుగు తెప్పించేదీ, తెప్పించనిదీ రెండు రకాలూ ఉన్నాయి. మొదటి ఊళ్ళోనే ఒక ముసలమ్మ తన పెనం తెచ్చిపెట్టమంటుంది. కాగితం మీద చూస్తే నా తోళ్ళ పనికంటే చిల్లర పని. అరువిచ్చిన పెనం తాళం వేసిన ఇంట్లో ఉండిపోయింది. తలుపు పగలగొట్టి వెళ్తే పెనం తళతళా మెరిసిపోతోంది. ఎవడో మసంతా గీకేసి, దాంతో సిరా చేసుకుని ఏదో రాసుకున్నాడు. అంటే ఆ ఊళ్ళో నువ్వు రాకముందు కూడా ఏదో జరిగిందన్నమాట! మసి గీకిన పెనం చుట్టూ ఇంత కథ. అదే గేమ్‌లో స్కెల్లిగె సముద్రానికి వెళ్ళండి. మ్యాప్ నిండా, వెళ్ళి చూడాల్సిన చోట్లకి గుర్తుగా, ప్రశ్నార్థకాలు. పడవేసుకెళ్ళడం, ఎగిరే దెయ్యాలని కొట్టడం, నీళ్ళలో తేలే పీపాల దగ్గర సరుకు ఏరుకోవడం. తర్వాతి ప్రశ్నార్థకం దగ్గరా అదే. అదీ ఇదీ ఒకే కంపెనీ చేసిందంటే నమ్మబుద్ధి కాదు.

ఫైటింగ్ సిస్టమే విడిగా లేని డిస్కో ఎలీసియమ్‌లో, 2019ది, ఫ్యాన్‌కి వేలాడుతున్న నీ టై అందుకోబోయి గుండాగి చచ్చిపోవచ్చు. తాగి మతి పోయిన పోలీసు వేషం అది. ఎదురైన ప్రతివాడూ నిన్ను అలాగే చూస్తాడు. నాకొక్క క్షణం విసుగు రాలేదు.

ఇంకోటి మనవాళ్ళకే ఉన్న బాధ. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, గేమ్‌లో ఏమో రాజుల కాలం ఇంగ్లీషు. ఈ పెద్ద ఆర్‌పీజీల్లో తెలుగు సబ్‌టైటిల్స్ నాకెక్కడా కనిపించలేదు. సగం మంది కథ చదవకుండా బటన్ నొక్కుకుంటూ పోయేది అందుకే. కథ దాటేశాక మిగిలేదేటి? తోళ్ళే. మా తమ్ముడు పక్కన కూర్చుంటే నేను గట్టిగా తెలుగులో చెప్తూ ఆడతాను. పెనం కథకి వాడు పడీ పడీ నవ్వాడు. తోళ్ళ కథ చెప్తే లేచి వెళ్ళిపోయాడు.

స్కోరు అడుగుతారని తెలుసు. ఆ పేరు చెప్పని గేమ్‌కి బొమ్మల వరకు 8, నా 41 గంటలకి 3. నిన్న రాత్రి డిలీట్ కొట్టాను. 90 జీబీ ఖాళీ అయింది. మా ఇంటి నెట్‌తో మళ్ళీ దింపాలంటే రెండు రాత్రులు పడుతుంది కాబట్టి బటన్ మీద వేలు కాసేపు ఆగింది, అబద్ధం చెప్పను. ఆ ఖాళీలో ఏటి పెట్టానో వచ్చే వారం చూపిస్తాను. ఉంటాను మరి.