డాలర్ స్టోర్ చవకేనా? పక్కనే పిజ్జా కొట్టు ఎందుకుంటుంది?

నమస్కారం. అమెరికాలో చిన్న ఊళ్లకి చదువుకోవడానికి వెళ్లే పిల్లలకి సీనియర్లు చెప్పే మాట ఒకటుంది: "డాలర్ స్టోర్ ఉందిగా, సామానంతా అక్కడే కొనుక్కో, చవక." డాలర్ స్టోర్ అంటే తక్కువ ధర సామాన్లు అమ్మే చిన్న కొట్టు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అక్కడ ప్యాకెట్టు చిన్నది, అందుకే బిల్లు తక్కువ. సరుకు చవకైనందుకు కాదు. ఈ తేడా అర్థం కావాలంటే ముందు ఆ కొట్టు ఎక్కడ ఉందో చూడాలి.

స్ట్రిప్ మాల్ అంటే మీకు తెలుసు. ముందు పార్కింగ్, వెనక వరసగా కొట్లు. డాలర్ స్టోర్, పాత బట్టల గుడ్‌విల్, చైనీస్ టేకవుట్, పిజ్జా, సాండ్‌విచ్, చివర్లో నెయిల్ సెలూన్. మిస్సోరీ రాష్ట్రంలో మనవాళ్లు ఎక్కువగా చదివే వారెన్స్‌బర్గ్, మేరీవిల్ లాంటి ఊళ్లలో ఉన్నవాళ్లకి ఈ వరస కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. చూస్తే ఎవరికి దొరికిన చోట వాళ్లు కొట్టు పెట్టుకున్నట్టు ఉంటుంది గానీ, అస్సలు కాదు.

మన ఊళ్లో పెద్ద గుడి తీసుకోండి. బయట కొబ్బరికాయల కొట్టు, పూల కొట్టు, పిల్లల బొమ్మలు, ఎదురుగా టిఫిన్ హోటల్. కొబ్బరికాయ కోసం ఎవరూ బస్సెక్కి రారు, దేవుడి కోసం వస్తారు. స్ట్రిప్ మాల్‌లో ఆ దేవుడి పేరు యాంకర్ స్టోర్. కిరాణా సూపర్‌మార్కెటో, పెద్ద డిస్కౌంట్ స్టోరో ముందు కుదిరితే తప్ప బ్యాంకు అప్పివ్వడం కష్టం, చిన్న కొట్లు రావడం కష్టం. అందుకని బిల్డింగ్ ఓనరు దేవుడిని బతిమాలి తెచ్చుకుంటాడు. చదరపు అడుగు లెక్కన దేవుడికి అద్దె తక్కువ, కొబ్బరికాయల వాడికి ఎక్కువ. అన్యాయంగా అనిపిస్తుంది గానీ జనాన్ని రప్పించేది ఎవరు మరి?

పైగా కొబ్బరికాయల వాడికి అద్దెతో అయిపోదు. ఆస్తి పన్నులో వాటా, ఇన్సూరెన్స్‌లో వాటా, పార్కింగ్‌లో మంచు ఎత్తించిన ఖర్చులో వాటా కూడా కట్టాలి. దీన్ని ట్రిపుల్ నెట్ లీజు అంటారు. నెలకి ఇంతే కదా అని సంతకం పెట్టేసి, తర్వాత తల పట్టుకునేది ఇక్కడే.

ఇప్పుడు అసలు కథ. దేవుడు గుడి ఖాళీ చేసి ఊరి చివర హైవే పక్కకి వెళ్లిపోతే?

సరిగ్గా అదే జరిగింది. పెద్ద డిస్కౌంట్ కంపెనీ వాల్‌మార్ట్ మొదటి కొట్టు 1962లో ఆర్కాన్సాలోని రోజర్స్‌లో తెరిచారు. తర్వాత చిన్న ఊళ్లు వెతుక్కుంటూ వెళ్లి, చాలాచోట్ల ఇలాంటి స్ట్రిప్ సెంటర్లలో దేవుడై కూర్చుంది. 1988లో మిస్సోరీలోనే, వాషింగ్టన్ అనే ఊళ్లో, కిరాణా కూడా కలిపి మొదటి సూపర్‌సెంటర్ పెట్టారు. ఇప్పుడు ఒక్కో సూపర్‌సెంటర్ దాదాపు 1,80,000 చదరపు అడుగులు ఉంటుంది. అంత జాగా పాత సెంటర్లో ఎక్కడ దొరుకుతుంది? దాంతో ఊరి బయటికి నడిచారు. పాత బిల్డింగులు వందల సంఖ్యలో ఖాళీ పడ్డాయి. కొన్నిచోట్ల పోతూ పోతూ, ఈ బిల్డింగులో ఇంకెవరూ కిరాణా అమ్మకూడదని షరతు కూడా పెట్టి పోయారు. దేవుడు వెళ్తూ వెళ్తూ గుడికి తాళం వేసుకుని వెళ్లడమన్నమాట!

ఆ పెద్ద గదిని మూడు నాలుగు ముక్కలు చేసి, తక్కువ అద్దెకి దిగినవాళ్లే మనం ఇవాళ చూసే చాలా డిస్కౌంట్ కొట్లు. చవక అనే మాట మొదట వర్తించేది వాళ్ల అద్దెకి.

ఇందులో డాలర్ జనరల్ అనే డాలర్ స్టోర్ కంపెనీది వేరే దారి. కెంటకీలో 1939లో హోల్‌సేల్ వ్యాపారంగా మొదలై, 1955లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో డాలర్ జనరల్ పేరుతో మొదటి కొట్టు తెరిచింది. ఇప్పుడు 20,000కి పైగా కొట్లు. అందులో ఐదింట నాలుగు వంతులు 20,000 మంది లోపు జనాభా ఉన్న ఊళ్లలోనే. సూపర్‌సెంటర్‌కి ఇరవై నిమిషాలు కారు నడపాలి, ఇది రెండు నిమిషాల దూరం. పాలు అయిపోయాయి, సబ్బు అయిపోయింది, పరుగెత్తుకెళ్లి తెచ్చుకుంటాం. వాళ్లు అమ్ముకునేది ఆ దగ్గరతనాన్నే.

సరుకు ధర సంగతికొద్దాం. అరలో ధర చీటీ ఉంటుంది చూడండి. పెద్ద అంకెలు కాదు, చాలా రాష్ట్రాల్లో కొట్లు ఒక మూలకి చీమ తలకాయంత అక్షరాల్లో పౌనుకి ఎంత, ఔన్సుకి ఎంత అని వేస్తాయి. లేకపోతే ఫోన్‌లో భాగించుకోండి. మాటవరసకి, రెండు పౌన్ల మైదా 2 డాలర్లు, వేరేచోట ఐదు పౌన్లది 3 డాలర్లు అనుకుందాం. మొదటిది పౌను డాలరు, రెండోది 60 సెంట్లు. జేబులోంచి వెళ్లింది తక్కువే, కానీ మనం కొన్నది ఖరీదైన పిండి. చేతిలో 2 డాలర్లే ఉన్నవాడికి వేరే దారి లేదు, అది నేను ఒప్పుకుంటాను. కారుండి, డబ్బుండి కూడా వెళ్లేవాళ్ల మీదే నా కోపం.

డాలర్ ట్రీ అని ఇంకో కంపెనీ ఉంది, అది వేరు, కలిపేయకండి. అక్కడ చాలాకాలం అన్నీ డాలరే, 2021 చివర్లో డాలరు పాతిక సెంట్లు చేశారు, ఇప్పుడు అంతకన్నా ఎక్కువవీ ఉన్నాయి. గ్రీటింగ్ కార్డులు, బెలూన్లు, ఫాయిల్ ట్రేలు అక్కడ కొనండి, నిజంగా లాభం. బట్టల సబ్బు పొడి మాత్రం లెక్క చూశాకే.

టైమ్ అయిపోతోంది, తినే కొట్ల సంగతి గబగబా చెప్పేస్తాను. మొదటిది, లిటిల్ సీజర్స్ అనే పిజ్జా కొట్టు చూడండి. పిజ్జా ముందే కాల్చి వెచ్చటి అరలో పెడతారు, మీరు వచ్చి పట్టుకుపోతారు. కుర్చీల్లేవు, వడ్డించేవాళ్లు లేరు. చిన్న గది చాలు. గుడి ముందు ప్రసాదం పొట్లం లెక్క. రెండోది, చాలా లీజుల్లో పిజ్జా వాడు ఉండగా ఇంకో పిజ్జా వాడికి ఇవ్వకూడదని రాసుకుంటారు. అందుకే ఒక్కో రకం ఒక్కటే కనిపిస్తుంది. మూడోది, చైనీస్ మూతపడితే అదే గదిలోకి మెక్సికన్ ఎందుకొస్తుంది? పొయ్యి మీద పొగ లాగే హుడ్, కాలువలోకి జిడ్డు పోకుండా ఆపే గ్రీజ్ ట్రాప్ అప్పటికే ఉన్నాయి కాబట్టి. కొత్తగా పెట్టించాలంటే వేల డాలర్లు.

కాబట్టి అక్కడ బిర్యానీ కొట్టు పెడదామని చూసే మనవాళ్లకి ఒక్క ముక్క: మెనూ తర్వాత, ముందు తలెత్తి హుడ్ ఉందో లేదో చూడండి. ఆ తర్వాత లీజులో కో-టెనెన్సీ అనే షరతు అడగండి, అంటే యాంకర్ వెళ్లిపోతే మా అద్దె తగ్గించాలి అని. ఓనరు వెంటనే ఒప్పుకోడు, లాయరు చేత అడిగించండి. లీజు గురించి వేరే వీడియో చేస్తాను, ఉంటాను.