నల్లగొండ ఎండల్లో చించిల్లా పంజరం

శ్రోతలకు నమస్కారం.

చించిల్లా అనే జంతువుని ఫోన్లో వీడియోల్లో చూసి ముచ్చటపడే పిల్లలు ఈమధ్య మన దిక్కు కూడా ఉన్నారు. బూడిద రంగు బొచ్చు, గుండ్రటి పెద్ద చెవులు, కుచ్చు తోక, అరకిలో అటూ ఇటూ బరువు. "నాన్నా, ఒక జత తెచ్చుకుందాం, పంజరం మనమే చేయిద్దాం" అంటారు. పంజరం చేయించడం పెద్ద పనేమీ కాదు. మంచి వెల్డింగ్ షాపు ఉంటే చాలు. అయితే మిర్యాలగూడలోనో నారాయణపేటలోనో మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కొడుతుంటే ఆ పంజరాన్ని ఎక్కడ పెడతారు, ఎట్లా చల్లగా ఉంచుతారు? ఈ సంగతి తేలేదాకా ఒక్క ఇనుప పైపు కూడా కొనొద్దంటాను.

చించిల్లాల సొంత చోటు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడ చలి, పొడి గాలి, రాళ్ల సందులు. ఆ చలికి తగ్గట్టే దానికి బొచ్చు పెరిగింది. ఒక్కో కుదురు నుంచి 50, 60 వెంట్రుకలు దాకా వస్తాయి. ఆ బొచ్చు కోసమే మనుషులు వెంటపడి వేటాడారు, కొండల్లో దాదాపు లేకుండా చేశారు. 1923లో మథయస్ చాప్మన్ అనే అమెరికన్ గని ఇంజినీరు చిలీ దేశం నుంచి 11 చించిల్లాలను కాలిఫోర్నియాకు తీసుకుపోయాడు. ఇవాళ ఇళ్లలో పెరుగుతున్నవాటిలో చాలావరకు వాటి సంతతే అంటారు. ఆయన వాటిని కొండల మీది నుంచి ఒక్కసారిగా దించలేదు. నెలల తరబడి, కొంచెం కొంచెంగా కిందికి దించుకుంటూ వచ్చాడు. ఓడ ఎక్కాక పంజరాలను మంచుగడ్డలతో చల్లగా ఉంచాడు. అంటే వందేళ్ల కిందటే, ఈ జంతువు పంజరం గురించి ఆలోచించిన మనిషి మొదట పట్టించుకున్నది చల్లదనాన్నే.

చించిల్లాకు మనలాగా చెమట పట్టదు. అందుకే ఫ్యాను పెట్టినంత మాత్రాన దానికి ఒరిగేదేమీ లేదు, వేడి గాలే మొహాన కొడుతుంది. ఒంట్లో వేడి ఎక్కువైతే చెవుల్లోని రక్తనాళాలు ఉబ్బి చెవులు ఎర్రబడతాయి. ఆ ఎరుపు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. 18 నుంచి 22 డిగ్రీల దాకా దానికి హాయి. 25 దాటితే టెన్షన్ మొదలు. 30 దగ్గర, అందులోనూ గాలిలో తేమ ఉంటే, వడదెబ్బకు ప్రాణం పోవచ్చు.

ఇక్కడ మనవాళ్లు వెంటనే "కూలర్ పెడితే సరి" అంటారు. పెట్టకండి. కూలర్ గాలిని చల్లబరిచేది నీటి తేమతోనే కదా. అంత దట్టమైన బొచ్చులోకి తేమ చేరితే ఆరదు, చర్మానికి బూజు జబ్బులు వస్తాయి. ఏసీ ఒక్కటే దారి, అదీ రాత్రి రెండు గంటలు వేసి ఆపేసేది కాదు. మార్చి నుంచి జూన్ దాకా పగలూ రాత్రీ నడవాలి. వానాకాలంలోనూ చాలా రోజులు నడవాలి. కరెంటు బిల్లు లెక్క వేసుకుని, అప్పటికీ సరే అనుకుంటేనే ముందుకు పోండి. పాలమూరు పల్లెల్లో పాత మట్టిమిద్దెలు ఎంత చల్లగా ఉన్నా మే నెల పగలు 25కి రావు. పై అంతస్తు గది అసలే వద్దు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పది దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది, ఈ జంతువేమో చీకటి పడ్డాకే లేచి గెంతులు మొదలుపెడుతుంది. కింది అంతస్తులో ఉత్తరం దిక్కు గది, ఎండ పడని గోడ, వంటింటికి దూరం. ఏసీ గాలి నేరుగా పంజరం మీద పడకూడదు. పంజరం ఎత్తులో ఒక చిన్న డిజిటల్ థర్మామీటరు, తేమ కూడా చూపించేది, తగిలించండి. ఏసీ రిమోటులో కనిపించే అంకెను నమ్ముకోవద్దు.

గది ఖాయమైందా? ఇప్పుడు వెల్డింగ్ షాపుకి పోదాం.

ఒక జతకు కనీసం మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు కావాలి. ఎత్తు తగ్గించొద్దు, ఇది గెంతే జంతువు. నాలుగడుగుల వెడల్పు ఉన్న వెల్డింగ్ జాలీ చుట్ట దొరికితే ఈ కొలతకు బాగా కలిసి వస్తుంది. ముందు మూడు, వెనక మూడు, పక్కలకు రెండేసి, మొత్తం పదడుగులు. పైకప్పుకి ఇంకో రెండడుగులు. పన్నెండడుగుల జాలీలో పని అయిపోతుంది, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ముక్క మిగులుతుంది. దాన్ని వంచి గడ్డి పెట్టుకునే తొట్టి చేయించుకోండి. ముక్కాలించి స్క్వేర్ పైపు ఇరవై అడుగులవి మూడు తీసుకుంటే చట్రం, అడుగు ఎత్తు కాళ్లు, తలుపు అన్నీ వస్తాయి.

జాలీ కన్ను అరంగుళం వెడల్పు, ఒక అంగుళం పొడవు మించకూడదు. పెద్ద కన్ను అయితే పుట్టిన పిల్లలు జారిపోతాయి. బయటి నుంచి ఎలుక కూడా దూరొచ్చు. షాపులో "కోళ్ల జాలీ ఉంది, చవక" అని చూపిస్తారు. ఆ సన్న తీగను ఇది పళ్లతో కొరికేస్తుంది. 14 గేజీ అడగండి. గేజీ అంకె తగ్గేకొద్దీ తీగ లావు అవుతుందని గుర్తుపెట్టుకోండి, అంకె పెద్దదైతే మంచిదనుకుని 18 తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. డబ్బు పెట్టగలిగితే స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ మేలు. మామూలు జీఐ జాలీ మీద ఉండేది జింకు పూత. కొరికి మింగితే విషమే. ఆ జాలీయే వాడక తప్పదంటే, బిగించే ముందు వెనిగరుతో బ్రష్షు పెట్టి గట్టిగా తోమి, పొక్కులుగా లేచిన పూత రాలిపోయేదాకా కడిగి, ఎండలో ఆరబెట్టండి. ఎండకు మన దగ్గర కొదవ లేదు.

వెల్డింగ్ చేసే అన్నకు ఒక మాట గట్టిగా చెప్పాలి. జాలీని చట్రం లోపలి వైపు నుంచి అతికించమనండి. మామూలుగా వాళ్లు బయటి నుంచి కొడతారు, పని సులువు. లోపలి నుంచి కొడితే రంగు వేసిన పైపు మొత్తం జాలీకి అవతల ఉండిపోతుంది, పళ్లకు అందదు. ప్రైమరూ రంగూ బయటి వైపే వేయాలి. వెల్డింగ్ పొక్కులూ తీగ కొనలూ గ్రైండరుతో నున్నగా చేయించండి. మీ అరచేతిని లోపలంతా రుద్ది చూసుకోండి. ఎక్కడ గీరుకుంటే అక్కడ మళ్లీ గ్రైండర్ పెట్టించాలి.

తలుపు విషయంలో పిసినారితనం వద్దు. చెయ్యి పట్టేంత చిన్న తలుపు పెట్టించుకుంటే శుభ్రం చేసేటప్పుడు తల పట్టుకుంటారు. ఒకటిన్నర అడుగు వెడల్పు, రెండడుగుల ఎత్తు పెట్టించండి. కబ్జాలు బయటి వైపు, గొళ్లెం కాకుండా అడ్డగడియ, దానికొక క్లిప్పు. పళ్లతోనూ ముందరి కాళ్లతోనూ లాగి లాగి వదులు గొళ్లెం తీయడం దానికి కష్టం కాదు. కాళ్ల కింద చక్రాలు పెట్టించుకోవాలా, చీమల కోసం నీళ్ల గిన్నెలు పెట్టుకోవాలా అంటే నేను చక్రాల వైపే. కరెంటు పోయినప్పుడు పంజరాన్ని ఇంకో గదిలోకి నెట్టుకుపోవాల్సి రావచ్చు. చీమలకు మాత్రం మందు సుద్దముక్కతో గీతలు గీయకండి, తిండి ఎప్పటికప్పుడు తీసేయండి.

లోపలి మెట్లకు చెక్కే కావాలి. దీని పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అందుకే పొద్దస్తమానం ఏదో ఒకటి కొరుకుతుంది. ప్లాస్టిక్ మెట్లు పెడితే ముక్కలు కొరికి మింగుతుంది, పేగుల్లో అడ్డుపడతాయి. ప్లైవుడ్డులో జిగురు ఉంటుంది. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే ఎమ్‌డీఎఫ్ పలక సంగతీ అంతే. బాగా ఆరబెట్టిన పైన్ చెక్క సరైనది. మనకు పైన్ సులువుగా దొరికేది సరుకుల ప్యాలెట్ల రూపంలోనే. వాటి మీద ఒక ముద్ర ఉంటుంది. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినట్టు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విష వాయువు పట్టించినట్టు, దాన్ని అక్కడే వదిలేయండి. హెచ్‌టీ ముద్ర ఉన్నా నూనె మరకలు, మందుల వాసన ఉంటే వద్దు. మంచి చెక్క దొరికితే రందా పట్టించి, ముక్కాలించి మందంతో, ఆరేడు అంగుళాల వెడల్పు పలకలు కోయించండి. వార్నిష్, పాలిష్, ఏమీ పూయొద్దు.

ఆ పలకలను నిచ్చెన మెట్లలాగా వరసగా పెట్టకండి, అటొకటి ఇటొకటి మార్చి పెట్టండి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎత్తు ఆరు నుంచి తొమ్మిది అంగుళాలు. ఎక్కడి నుంచి జారినా రెండడుగుల లోపే ఇంకో పలక మీద పడాలి, ఆ లెక్కతో అమర్చాలి. మేకులు వాడొద్దు. పలక వెనక బోల్టు దిగేసి, జాలీ బయటి నుంచి వెడల్పాటి వాషరూ నట్టూ బిగిస్తే లోపల ఇనుము కనపడదు. ఈ పలకలు ఎన్నాళ్లో ఉండవు. కొరికి కొరికి సగం చేస్తుంది, నట్టు విప్పి కొత్తది బిగించుకోవడమే. కొరకడానికి మల్బరీ కొమ్మలు కూడా ఇవ్వొచ్చు. పట్టుపురుగుల తోట ఉన్నవాళ్లు మీకు తెలిస్తే, మందు కొట్టని కొమ్మలేవో అడిగి తెచ్చుకోండి.

అడుగున ఉత్త జాలీ మీద నిలబెడితే పాదాలకు పుండ్లు పడతాయి. రేకు ట్రే పెట్టించి, దాని మీద ఫ్లీసు గుడ్డ పరవండి. వడ్రంగి దుకాణంలో ఊరికే వచ్చే చెక్క పొట్టు తేవాలనిపిస్తుంది, కానీ అందులో టేకు, ప్లైవుడ్డు, ఇంకేం కలిసి ఉన్నాయో ఆయనకే తెలియదు.

మన ప్రాంతానికి ఒక సుఖం ఉంది, రాయి. తాండూరు బండలైనా, గ్రానైటు షాపు వెనక పడేసిన ముక్కలైనా, అడుగు పొడవున్నవి నాలుగు తెచ్చుకోండి. అంచులు నున్నగా కోయించండి. రెండు పంజరం అడుగున ఉంటే రెండు ఫ్రిజ్‌లో ఉంటాయి, మార్చి మార్చి పెట్టాలి. చించిల్లా వచ్చి దాని మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. బరువైనది కాబట్టి పై పలకల మీద మాత్రం పెట్టకండి. రాయి ఉంది కదా అని ఏసీ ఆపొద్దు, అది తోడు మాత్రమే.

నీళ్ల సంగతి నల్లగొండ జిల్లా వాళ్లకు నేను వేరే చెప్పాలా? బోరు నీళ్లు పోయకండి. ఫ్లోరైడు ఎక్కువైతే ఎలుకల పళ్ల మీద మచ్చలు పడతాయని పరిశోధనల్లో ఎప్పుడో చూశారు. ఇదీ ఎలుకల్లాగే కొరికి తినే జంతువుల వర్గంలోదే, పైగా పళ్లు ఆగకుండా పెరిగేది. మీ పిల్లలకు ఇచ్చే నీళ్లే దానికీ పోయండి, గాజు సీసాలో పోసి, బయటి నుంచి తగిలించి, స్టీలు గొట్టం మాత్రం లోపలికి పెట్టండి.

స్నానం నీళ్లతో కాదు, దుమ్ముతో. అగ్నిపర్వతపు రాతి నుంచి తీసిన సన్నటి పొడి ప్యాకెట్లలో అమ్ముతారు. కృష్ణా ఇసుక జల్లెడ పట్టి పోస్తే గరుకుగా ఉండి బొచ్చు తెగుతుంది, కళ్లలో గీసుకుంటుంది. వారానికి రెండు మూడు సార్లు, పది పదిహేను నిమిషాలు గిన్నె లోపల పెట్టి తీసేయాలి. అందుకు అడుగు భాగంలో గిన్నె పట్టేంత ఖాళీ ముందే వదులుకోండి. ఏసీ గదిలో ఆ దుమ్ము ఫిల్టరుకి పడుతుంది, నెలకోసారి కడగక తప్పదు.

కొనేటప్పుడు బిల్లు తీసుకోండి. అడవి చించిల్లాల వ్యాపారం మీద అంతర్జాతీయంగా నిషేధం ఉంది, పెంపుడు రకానికి మినహాయింపు. విదేశీ జంతువుల నమోదుకు 2024లో మన దేశంలో నిబంధనలు వచ్చాయి. మీరు కొనేదానికి అవి వర్తిస్తాయా లేదా అన్నది ముందే అటవీ శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

చివరగా కరెంటు. ఇళ్లలో ఉండే చిన్న ఇన్వర్టరు ఏసీని లాగదు. గాలివాన రోజు మూడు గంటలు కరెంటు పోతే ఏం చేస్తారు? ఫ్రీజర్లో ఎప్పుడూ నాలుగు నీళ్ల సీసాలు గడ్డకట్టి ఉండాలి. గుడ్డలో చుట్టి, జాలీ బయట నుంచి ఆనించి పెట్టండి. తలుపులు, కిటికీలు మూసి, కర్టెన్లు వేయండి. వడదెబ్బ తగిలినట్టు కనిపిస్తే, అంటే చెవులు ఎర్రగా, నోరు తెరిచి రొప్పుతూ, పక్కకు ఒరిగిపోతుంటే, చల్లటి బండ మీద పడుకోబెట్టి వెంటనే డాక్టరుకి ఫోను చేయండి. మంచు నీళ్లలో ముంచొద్దు. ఏ డాక్టరు? అది కూడా కొనకముందే తేల్చుకోవాల్సిందే. మండలంలోని పశువైద్యుడు గేదెలూ మేకలూ చూసే మనిషి, ఆయనను తప్పు పట్టలేం. చిన్న జంతువులు చూసేవాళ్లు ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉంటారు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్ల దారి. మామూలు పరీక్షకైతే ఎండాకాలంలో తెల్లవారుజామున నాలుగింటికి, ఏసీ కారులో బయల్దేరండి. కారు ముందే పది నిమిషాలు నడిపి, లోపల చల్లబడ్డాకే పంజరం ఎక్కించండి. నాలుగడుగుల పంజరం కారులో పట్టదు కాబట్టి, వెల్డింగ్ షాపులో ఉన్నప్పుడే మిగిలిన పైపుతో అడుగున్నర పొడవున్న చిన్న డబ్బా ఒకటి, పిడి పెట్టించి, చేయించుకుని ఉంచండి.

నమస్కారం.