ఊపిరితిత్తుల్లో గడ్డ: ఎకోలో కుడి జఠరిక ఏం చెబుతుంది?

[తెర: గుండె నాలుగు గదులూ కనిపించే ఎకో (గుండె అల్ట్రాసౌండ్) క్లిప్. మూడు సెకన్లు మాట లేదు.]

తెరకు ఎడమ పక్కన ఉన్నది కుడి జఠరిక. మామూలుగా అది ఎడమ జఠరికలో మూడింట రెండు వంతులకు మించదు. ఇక్కడ రెండూ సమానంగా ఉన్నాయి. ఇలాంటి గుండె ఉన్న మనిషి బీపీ 110 ఉండొచ్చు, మంచం మీద కూర్చుని మనతో మాట్లాడుతూ కూడా ఉండొచ్చు. భయమంతా అక్కడే.

కాలి సిరలో కట్టిన రక్తపు గడ్డ కదిలి ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంటే భారం కుడి జఠరిక మీద పడుతుంది. తక్కువ పీడనానికే అలవాటు పడ్డ పల్చటి గోడ దానిది. దారి ఒక్కసారిగా మూసుకుపోయేసరికి ఉబ్బిపోయి, మధ్యగోడను అవతలికి నెట్టేస్తుంది. ఎడమ జఠరికకు వచ్చే రక్తమూ తగ్గుతుంది, నిండే చోటూ తగ్గుతుంది. గుండె వేగం పెంచి, రక్తనాళాలు బిగించి శరీరం కొంతసేపు బీపీని నిలబెడుతుంది. బీపీ పడేది ఆఖర్న. ఎకోలో మాత్రం అంతకుముందే తెలిసిపోతుంది.

గడ్డ ఉందో లేదో తేల్చేది సీటీ పల్మనరీ యాంజియో, అంటే ఊపిరితిత్తుల ధమనులను చూపే సీటీ స్కాన్. ఎకో బాగుందని గడ్డ లేదనుకోకండి. షాక్‌లో (బీపీ పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితిలో) ఉన్న రోగి సంగతి వేరు. ఆ షాక్ గడ్డ వల్లే వచ్చి ఉంటే కుడి జఠరిక దెబ్బతిని కనిపించాలి. అది చక్కగా పనిచేస్తుంటే షాక్‌కు ఇంకో కారణం వెతకండి.

[తెర: ప్రోబ్ పట్టుకున్న చెయ్యి, పక్కనే ఎకో చిత్రం]

రెండు జఠరికల వెడల్పు కొలిచేది డయాస్టోల్ (గుండె సడలి నిండే దశ) చివర్న, కవాటాలకు కాస్త పైన, లోపలి అంచు నుంచి లోపలి అంచుకు. కుడి వెడల్పును ఎడమదానితో భాగిస్తే వచ్చే నిష్పత్తి 1 దాటితే కుడి జఠరిక ఉబ్బినట్టే. తప్పు జరిగేది ప్రోబ్ దగ్గర. అది గుండె కొస మీద కాకుండా రొమ్ముటెముక వైపు జరిగితే మామూలు కుడి జఠరిక కూడా పెద్దదిగా కనిపిస్తుంది. ఎడమ జఠరిక కొస తెర పైభాగంలో మధ్యకు వచ్చాకే కొలవండి.

తర్వాత ట్యాప్సీ (TAPSE). ట్రైకస్పిడ్ కవాటపు బయటి అంచు మీదుగా ఎం-మోడ్ (ఒకే గీత వెంట కదలికను చూపే ఎకో పద్ధతి) గీత వేసి, ఆ అంచు కొస వైపు ఎంత దూరం వస్తోందో చూస్తాం. 16 మి.మీ. కంటే తక్కువైతే పంపింగ్ దెబ్బతింది. గీత ఆ కదలికకు ఏటవాలుగా పడితే అంకె దొంగగా తగ్గుతుంది.

[తెర: మెక్‌కానెల్ సంకేతం, నెమ్మదిగా]

కుడి జఠరిక బయటి గోడ మధ్యభాగం కదలడం లేదు, కొస మాత్రం ఎగిరెగిరి పడుతోంది. 1996లో వర్ణించిన మెక్‌కానెల్ సంకేతం ఇదే. కుడి జఠరికకు గుండెపోటు వచ్చినా ఇలాగే కనిపించొచ్చు కాబట్టి ఈసీజీ పక్కన పెట్టుకునే చదవాలి.

అన్నిటికన్నా నేర్చుకోదగ్గది 60/60. పల్మనరీ ధమనిలోకి రక్తం వేగం పుంజుకునే సమయం 60 మిల్లీసెకన్ల లోపు, ట్రైకస్పిడ్ లీక్ గ్రేడియంట్ (కవాటానికి రెండు వైపులా ఉన్న పీడనాల తేడా) 60 mmHg లోపు. అడ్డంకి పెద్దదే, మరి పీడనం ఇంకా పెరగదేం? అలవాటు లేని జఠరిక అంత బలంగా తోయలేదు కాబట్టి. గ్రేడియంట్ 60 దాటిందంటే, గోడ 5 మి.మీ. మించి మందంగా ఉందంటే, ఆ జఠరిక ఎన్నాళ్లుగానో బరువు మోస్తోందన్నమాట. అది పాత జబ్బు, లేదా పాతదాని మీద పడ్డ కొత్త గడ్డ.

కుడి గదుల్లో తాడులా ఊగే గడ్డ కనిపిస్తే రిపోర్ట్ టైపు చేసేదాకా ఆగకండి. వెంటనే ఫోన్ చేయండి.

[తెర: బీపీ, ఎకో, ట్రోపోనిన్ పట్టిక]

సిస్టాలిక్ బీపీ 90 లోపు పడిపోయి, కాళ్లూ చేతులూ చల్లబడి, మూత్రం తగ్గిన రోగి హై రిస్క్. రక్తస్రావం భయం లేకపోతే గడ్డ కరిగించే మందు ఆలోచించాలి. బీపీ బాగుండి, కుడి జఠరిక దెబ్బతిని, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) కూడా పెరిగితే ఇంటర్మీడియట్ హై రిస్క్. వీళ్లకు హెపారిన్ (గడ్డ పెరగకుండా ఆపే మందు) ఇచ్చి, మానిటర్ మీద కళ్లు పెట్టుకుని ఉండాలి. అందరికీ కరిగించే మందు ఎందుకివ్వరంటే, 1005 మందితో చేసి 2014లో ప్రచురించిన పీథో ట్రయల్లో టెనెక్టెప్లేజ్ అనే కరిగించే మందు ఇచ్చినవాళ్లు కుప్పకూలడం తగ్గింది గానీ, పక్షవాతం 0.2 శాతం నుంచి 2.4 శాతానికి పెరిగింది. ఇంకొకటి: 2019 యూరోపియన్ మార్గదర్శకాల ప్రకారం పెసీ స్కోరు (గడ్డ ఉన్న రోగి ప్రాణాపాయాన్ని అంచనా వేసే లెక్క) తక్కువున్నా, ఎకోలో జఠరిక దెబ్బతిని ఉంటే ఆ రోగిని లో రిస్క్ అని ఇంటికి పంపకూడదు.

[తెర: ఉబ్బిన ఐవీసీ, శ్వాసతో కదలడం లేదు]

బీపీ తగ్గగానే సెలైన్ ఎక్కించాలని చెయ్యి వెళ్తుంది. ముందు ఐవీసీ (శరీరం కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర) చూడండి. 21 మి.మీ. దాటి, ఊపిరి పీల్చినప్పుడు సగం కూడా ముడుచుకోకపోతే ఆ గుండె ఇప్పటికే నిండి ఉంది. ఇంకో రెండు బాటిళ్లు పోస్తే కుడి జఠరిక మరింత సాగి, మధ్యగోడ ఇంకాస్త ఎడమకు వాలుతుంది, బీపీ ఇంకా పడుతుంది. అక్కడ కావాల్సింది రక్తనాళాలు బిగించి బీపీ పెంచే నార్‌అడ్రినలిన్. ఐవీసీ సన్నగా, ముడుచుకుంటూ ఉంటేనే సెలైన్, అదీ 500 మి.లీ. మించకుండా.